ప్లాట్‌ఫామంత ఫొటోలు, పిడికెడు సిరా

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఫొటో ప్రింటరు కొనదలచినవారు ముందుగా అక్కడి స్టేషను ప్లాట్‌ఫాము పొడవును తలచుకోవాలి. ఆరంగుళాల ఫొటోలను పొడవుగా వరుసన పేరిస్తే 1072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫాము నిండటానికి దాదాపు 7,000 సరిపోతాయి. రెండు పెళ్లిళ్లు చూసివచ్చిన ఫోనులో అన్ని ఫొటోలూ ఉంటాయి గాని, కాగితమెక్కేవి ఏడాదికి నాలుగే.

ఇంక్‌జెట్, అనగా సూక్ష్మరంధ్రాల గుండా సిరా చుక్కలను చిమ్మే యంత్రం, వాడకం లేని నెలల్లో ఆ రంధ్రాలు ఎండి పూడుకుపోగా, వాటిని కడుక్కోవడానికే ఖరీదైన సిరాను తాగేస్తుంది (యజమాని స్నానానికి అంత ఖర్చు లేదు). డై సబ్లిమేషన్, అనగా రిబ్బనుపైని రంగును వేడితో ఆవిరిచేసి కాగితానికి పట్టించే పద్ధతి, ఎండిపోదు. అయితే తెల్లగోడ ముందు తెల్లపంచెతో నిలిచిన తాతగారికి సైతం పసుపు, మెజెంటా, సయాన్ రిబ్బను ముక్కలు మూడింటినీ పూర్తిగా ఖర్చుచేస్తుంది. నాలుగు బై ఆరంగుళాల ముద్రణకు రెండు మెగాపిక్సెళ్లు చాలునని తెలిసినా, కొనుగోలుదారు అడిగేది 200 మెగాపిక్సెళ్ల ఫోనుకు తగిన ప్రింటరునే. ఇంటికి చేరిన యంత్రం ఆధార్ నకళ్లు, పిల్లల ప్రాజెక్టు బొమ్మలు తీస్తుండగా, పెళ్లి ఫొటోలు మాత్రం పెన్‌డ్రైవులో గోల్ బజార్ స్టూడియోకే వెళతాయి.