లాగుడు బండ ఆత్మకథ

ఇది ఒక రాతిబండ చెప్పుకుంటున్న కథ. ఊరంతా దాన్ని ‘బండ’ అనే పిలుస్తారు గనుక తన గురించీ అది అలాగే చెప్పుకుంటుంది.

ఈ బండ ఉండేది ఒంటిమిట్ట చెరువు దాటాక, కడప–రేణిగుంట రోడ్డుకు కాస్త లోపలున్న పల్లెలో, వేపచెట్టు కింద. ఒంటిమిట్టను ఏకశిలానగరమంటారు; కోదండరామాలయంలో సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో కొలువై ఉన్నారు. అలాంటి సీమలో పుట్టి ఎద్దుల సత్తువ కొలిచే పనికి వచ్చింది ఈ బండ. కడప జిల్లాకు పేరు తెచ్చింది నాపరాయే అయినా అది పొరలు పొరలుగా లేస్తుంది, ఈడ్చే పనికి ఆగదు. అందుకే గట్టి గుండును ఏరి, పలకలుగా చెక్కి, గొలుసు తగిలించే ఏర్పాటు చేశారు. ఏళ్ల తరబడి మట్టిలో రాసుకొని దీని అడుగు భాగం నున్నబడింది.

జాతరకో, సంక్రాంతికో, ఉగాదికో గోడల మీద ‘వృషభరాజముల బండలాగుడు పోటీలు’ అని పోస్టర్లు పడతాయి. అక్కడి నుంచి బండకు పని. ఎద్దుల జతలను పళ్లను బట్టి విడదీస్తారు. పాలపళ్ల గిత్తలు ఒక విభాగం. రెండేళ్లు దాటి పాలపళ్లు రాలడం మొదలయ్యాక రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. విభాగం పెరిగేకొద్దీ లాగాల్సిన బరువు పెరుగుతుంది, పెద్దవాటికి టన్ను దాటిపోతుంది. పోటీని బట్టి పది నుంచి ఇరవై నిమిషాల గడువు. బరి చివరి గీత చేరాక జతను మళ్లించి మళ్లీ లాగించాలి. గడువు ముగిసేసరికి ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు లాగాయో టేపుతో కొలుస్తారు. అంగుళాల తేడాతో బహుమతి చేయి జారిన ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలగదు.

బండకు అన్నిటికన్నా బాగా తెలిసింది మొదటి కుదుపు. గొలుసు బిగుసుకున్న క్షణంలో రెండెద్దులూ ఒకేసారి మెడ వంచితే బండ కదిలిపోతుంది. ఒకటి ముందు, ఒకటి వెనకైతే ఎంత బలమున్నా మట్టిలోకి దిగబడుతుంది. ఆ పొత్తు ఉలవలు పెడితే వచ్చేది కాదు. ఒకే కాడి కింద కలిసి దున్నితే వస్తుంది.

ఇది వాన తక్కువ సీమ. కడప జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 700 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేదు. 1876–78 కరువులో, దత్తమండలాలని పిలిచిన ఈ సీమలో మనుషులతో పాటు పశువులూ కుప్పలుగా చచ్చాయి. అలాంటి చోట బతికి నిలిచిన జతను పదిమందికీ చూపించాలనిపించడం సహజం. ఆట పుట్టింది ఆ మురిపెంలోంచేనని బండ నమ్మకం.

కరువులోనూ ఆట నిలిచిన చోటు లోకంలో ఇంకెక్కడా లేదనుకోకూడదు. 1930లలో కెనడాలోని సస్కచ్వాన్ మైదానాల్లో వానలు ముఖం చాటేశాయి, పైరు దుమ్ములో కలిసింది. 1932 చివర గోధుమ ధర బుషెల్‌కు నలభై సెంట్ల లోపుకు పడిపోయింది. పెట్రోలు కొనలేక కారుకు గుర్రాలు కట్టి నడిపిన ఆ రైతులే ఊరికో బేస్‌బాల్ జట్టు నిలుపుకొని పక్క ఊరితో తలపడ్డారు. కరువు చేలను ఎండబెట్టింది గానీ ఆటను ఆపలేకపోయింది.

ఇక్కడా ఆట ఆగలేదు. కానీ మారింది. చేలోకి ట్రాక్టరు వచ్చింది. పోటీకని మేపే జతలు వేరయ్యాయి. వాటి మెడ మీద నాగలి కాడి ఆనదు, లారీలో వచ్చి లారీలో పోతాయి. ఒంగోలు గిత్తను వంశం చెడకుండా నిలబెట్టుకుంటున్నవాళ్లలో ఈ పోటీల వాళ్లూ ఉన్నారన్నది నిజం, దానికి బండ వాళ్లకు రుణపడి ఉంది. పందెం మత్తులో ముల్లుకర్రతో పొడిచేవాళ్లను మాత్రం అది క్షమించదు. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 1960 నుంచీ ఉంది. జల్లికట్టు, ఎడ్లబండి పందేల మీద 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ చట్టాన్ని మళ్లీ గుర్తు చేసింది. తోక మెలిపెట్టి లాగించిన అడుగు ఈ బండ లెక్కలో అడుగే కాదు.

కొన్ని పోటీల్లో ‘సేద్యపు విభాగం’ అని ఒకటి పెడతారు. పొలం దున్నే ఎద్దులకే అందులో చోటు. బహుమతి చిన్నది, చూసే జనమూ తక్కువ. పోటీలు పెట్టే పెద్దలకు ఈ బండ మనవి ఒక్కటే: ఖర్చు తగ్గించాల్సి వస్తే ఏది తగ్గించినా సరే, ఆ విభాగాన్ని తీసేయకండి, దాని బహుమతి పెంచండి.