గోడ దగ్గర కాసేపు నిలబడండర్రా

ఏమర్రా, వెయ్యి మైళ్లు పోయి గోడ మీద బొమ్మ చూస్తామంటారు, తీరా అక్కడికెళ్లి ఆ బొమ్మకే వీపు పెట్టి నిలబడతారు! ఢిల్లీ లోధీ కాలనీలో కళ్లారా చూశాను. రెండంతస్తుల గోడ నిండా ఎవరో మహానుభావుడు పరంజా ఎక్కి రోజుల తరబడి ఎండలో వేసిన బొమ్మ. పిల్లలు ఆటో దిగడం, జుట్టు సర్దుకోవడం, ఫోను కేసి నవ్వడం, మళ్లీ ఆటో ఎక్కడం. ఆ బొమ్మలో ఉన్నది పక్షా చెట్టా అని అడిగితే ఫోను తీసి చూసి చెప్పారు. గోడ వాళ్ల వెనకే ఉంది మరి!

మా రోజుల్లో ప్రయాణమంటే సగం గోడలు చదవడమే. 1976లో ఢిల్లీకి ఏ.పి. ఎక్స్‌ప్రెస్ పడింది, ఇప్పుడు దాన్ని తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అంటున్నారు, పేరు మార్చకుండా మీరు దేన్నుంచారు గనక. అందులో కిటికీ పక్కన చోటు దొరికితే చాలు, పొద్దు గడిచిపోయేది. ఊరు దగ్గరపడుతోందని స్టేషను బోర్డు కంటే ముందు గోడలే చెప్పేవి. తెల్లసున్నం మీద సిమెంటు, పళ్లపొడి, ఎరువులు, కుటుంబ నియంత్రణ వాళ్ల ఎర్ర త్రికోణం. కాగజ్‌నగర్ దాటాక మన గుండ్రటి అక్షరాలు పల్చబడేవి. బల్హార్షా వచ్చేసరికి ప్రతి మాటకూ నెత్తిన గీత. పరాయి రాష్ట్రంలో అడుగుపెట్టామని నాకు గోడే చెప్పింది, టికెట్ కలెక్టరు కాదు. ఇక ఢిల్లీ పొలిమేరల్లో పట్టాల వెంట మైళ్ల పొడవునా ‘రిష్తే హీ రిష్తే’ అని పెళ్లి సంబంధాల ప్రకటన ఉండేది, గుర్తుందా? మీకెలా గుర్తుంటుంది. ఏసీ పెట్టెలో తెర లాక్కుని, చెవుల్లో ఏవో దోపుకుని పడుకునే జాతి. ఆ సంబంధాల ప్రకటన మొదలైందంటే చాలు, పెట్టెలో వాళ్లందరూ పక్కబట్టలు చుట్టుకోవడం మొదలుపెట్టేవారు.

అసలు గోడ రాసేవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? మా ఊళ్లో పంచాయతీ ఆఫీసు గోడ ఉండేది. ముందు రోజు సున్నం కొట్టి ఆరబెట్టేవారు. తెల్లారి పెయింటరు వచ్చి, దారానికి నీలిమందు పొడి పట్టించి, ఇద్దరు చెరో చివర బిగబట్టాక మధ్యలో వేలితో లాగి వదిలేవాడు. టప్‌మని గోడ మీద సన్నటి నీలం గీత. అలా కింద ఒకటి, పైన ఒకటి. ఆ రెంటి మధ్య అక్షరాలు. అతనిదో పద్ధతి, ముందు అక్షరాల ఒళ్లు మాత్రం వరసగా రాసుకుంటూ పోయేవాడు. గుడులు, కొమ్ములు, ఒత్తులు అన్నీ ఆఖర్న. మేము ఎదురరుగు మీద కూర్చుని గోళీలు పందెం కాసేవాళ్లం. ‘స’ పడగానే ఒకడు సినిమా అనేవాడు, ఒకడు సిమెంటు అనేవాడు, ఇంకొకడు సబ్బు అనేవాడు. పెయింటరుకు మా గొడవ వినిపించేది. కావాలనే కుంచె డబ్బాలో పెట్టి, బీడీ ముట్టించి, తీరిగ్గా పొగ వదిలేవాడు. మాకు ప్రాణం మీదికొచ్చేది. మధ్యాహ్నం దాటాక ఎప్పుడో ‘స’కు గుడి పడేది, సబ్బు వాడి గోళీలు పోయేవి. గుణింతం నాకు బడిలో పలక మీద ఎంత పట్టుబడిందో గానీ, ఆ గోడ మీద మాత్రం గట్టిగా పట్టుబడింది. పని అయ్యాక కింద మూలన తన పేరు, దాని పక్కన ‘ఆర్ట్స్’, దాని కింద ఊరి పేరు. ఎవరు రాశారో ఊరందరికీ తెలిసేది.

ఆ గోడలన్నీ పోయాయి. ఎన్నికల కమిషనర్‌గా ఉండగా శేషన్ గారు ఎన్నికల గోడరాతల మీద కొరడా ఝళిపించారు. 1997లో బహిరంగ స్థలాలను పాడుచేయకూడదని రాష్ట్రం చట్టం చేసింది. ఎన్నికలొస్తే ఇంటాయన్ని అడగకుండా ప్రహరీ నిండా గుర్తులు పూసి పోయేవారన్న మాట నిజమే, నేను కాదనను, మా గోడ మీద రెండు పార్టీల వాళ్లు ఒకే రాత్రి కొట్టుకున్నారు కూడా. చట్టం వల్ల ఆ పీడ తగ్గింది. మిగిలిన పనిని ఫ్లెక్సీ మింగేసింది. గంటలో అచ్చవుతుంది, గాలికి చిరుగుతుంది, దానికి చేయి తిరిగిన మనిషే అక్కర్లేదు.

లోధీ కాలనీ గురించి చెబుతూ ఎక్కడికో పోయాను. 1940లలో తెల్లవాళ్లు ప్రభుత్వోద్యోగుల కోసం కట్టిన క్వార్టర్లు అవి. ఎత్తయిన గోడలు, కమాను వాకిళ్లు, వేపచెట్లు. స్టార్ట్ ఇండియా అని ఒక సంస్థ, 2014లో ఐటీఓ దగ్గర అప్పటి పోలీసు హెడ్‌క్వార్టర్స్ గోడ మీద సుమారు 150 అడుగుల గాంధీగారిని వేయించిన వాళ్లే, ఈ కాలనీలో ఖన్నా మార్కెట్‌కూ మెహర్‌చంద్ మార్కెట్‌కూ మధ్య 50కి పైగా గోడలకు బొమ్మలు వేయించారు. దేశదేశాల నుంచి చిత్రకారులు వచ్చి వేశారట. పని గొప్పది, అందులో పేచీ లేదు. సబ్బు అమ్మడానికి కాదు, ఓటు అడగడానికి కాదు, ఊరికే చూసుకోమని ఎవరైనా మా గోడలకు రంగు వేశారా? వేయలేదు. ఆ ఒక్క విషయంలో మీ కాలానికి నేను మార్కులు వేస్తాను. అర్థం మాత్రం ఫోనులో చదువుకుంటున్నారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ కాలనీలోనే డాకు అనే ఆయన చేసిన గోడ ఒకటుంది. మొహం ఎవరికీ చూపించడట, అసలు పేరు చెప్పడట. ఆయన గోడ మీద రంగు పూయలేదు. గోడలోంచి అడ్డంగా ముందుకు పొడుచుకొచ్చేలా ఇంగ్లీషు అక్షరాలు బిగించాడు. దాని పేరు ‘టైమ్ ఛేంజెస్ ఎవ్రీథింగ్’. సాయంత్రం పూట వెళితే అక్కడేమీ ఉండదు, వరసగా ఏవో పలకల అంచులు, అంతే. మా మనవరాలు నన్ను సాయంత్రమే తీసుకెళ్లింది. “దీని అర్థం కాలం అన్నిటినీ మార్చేస్తుందని తాతయ్యా, పద, ఇంకా చాలా గోడలున్నాయి” అంది. ఆ ముక్క నాకు తెలియడానికి ఢిల్లీ రావాలటే?

మర్నాడు పొద్దున్నే పట్టుబట్టి మళ్లీ తీసుకెళ్లమన్నాను. ఎదురుగా చెట్టు కింద చప్టా మీద కూర్చున్నాం. ఎండ ఎక్కుతున్నకొద్దీ ఆ అక్షరాల నీడ గోడ మీదికి జారడం మొదలైంది. మొదట వంకరటింకర గీతలే, తర్వాత ఒకచోట పొట్ట, ఒకచోట కాలు. అది ఏ అక్షరమో ఇంకా తేలదు. ‘పి’ అన్నాను. కాదు ‘బి’ అంది పిల్ల. ఫోను ఎప్పుడు సంచిలో పడేసిందో నేను చూడలేదు. పందెం ఎంత అంది. నాకు మా పంచాయతీ గోడ, నీలిమందు గీత, ఆ బీడీ వాసన ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. గొంతు పూడుకుపోయి కాసేపు మాట్లాడలేకపోయాను. డాకు గారు అనుకున్న అర్థం ఇది అయ్యుండదు. ఆయనకు మా ఊరి పెయింటరు తెలియడు గదా. నా అర్థం నేను తెచ్చుకున్నాను, అదీ గంటన్నర కూర్చున్నందుకు వచ్చింది. రెండు నిమిషాల్లో లేచి పోతే రాదు.

ఢిల్లీ దాకా పోలేనంటారా, హైదరాబాదులోనే ఖైరతాబాదు పక్కన మక్తా బస్తీ ఉంది. 2016లో ఆ స్టార్ట్ ఇండియా సంస్థే అక్కడా గోడలకు బొమ్మలు వేయించింది. ఇళ్ల మధ్య గోడలవి. కింద బట్టలు ఆరేస్తుంటారు, పిల్లలు ఆడుకుంటుంటారు, కాస్త వాళ్లకు అడ్డం రాకుండా నిలబడండి. ఒకే ఒక్క గోడ ఎంచుకోండి, ఎండ మారేదాకా ఉండండి. మెల్‌బోర్న్‌లో చదువుకుంటున్నవాళ్లు హోసియర్ లేన్‌కు వెళ్లినా నేను చెప్పేది ఇదే, అక్కడైతే ఒకరి బొమ్మ మీద ఒకరు వేసేస్తుంటారు కాబట్టి మరీ తొందరగా చూడాలి. చూశాక మీకేం గుర్తొచ్చిందో నాలుగు ముక్కలు ఉత్తరం రాయండి. ఉత్తరం రాయడం చేతకాదంటే ఫోను చేసి నోటితో చెప్పండి, రాత్రి తొమ్మిది లోపల. వాట్సాప్‌లో బొటనవేలి బొమ్మ పంపి ఊరుకుంటే మాత్రం నేను ఒప్పుకోను.