నిమిషాల చిట్టా

పిన్నిగారబ్బాయి హైదరాబాదు నుంచి వస్తూ బట్టలతో పాటు పొడుగాటి నోటుపుస్తకం ఒకటి తెచ్చుకున్నాడు. మియాపూర్‌లో ఒక్కడే ఉంటాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తండ్రి సంవత్సరీకానికని మంగళవారం తెల్లవారుజామున తెనాలిలో దిగాడు. మర్నాడు కార్యక్రమం అయిపోయి, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, వీధరుగు మీద నా పక్కన కూర్చుని ఆ పుస్తకం తెరిచాడు. స్కేలు పెట్టి కొట్టిన గీతలు. నాలుగు గడులు. తేదీ, ఫోన్ చూసిన సమయం, తెరిచిన సార్లు, కాల్స్.

వాళ్ల నాన్నగారు రైసు మిల్లులో గుమాస్తాగా పనిచేశారు. కొత్తిమీర కట్ట కొన్నా చిట్టాలో ఎక్కించేవారు. రాయడం మొదలుపెడితే ఖర్చు దానంతటదే తగ్గుతుందని ఆయన నమ్మకం. కొడుకు ఫోన్ విషయంలో అదే పట్టుకున్నాడు.

ఈ లెక్క చూసుకునే సదుపాయం ఫోన్లలో 2018 నుంచే ఉంది. గూగుల్ డిజిటల్ వెల్‌బీయింగ్ అని పెట్టింది, ఆపిల్ అదే ఏడాది స్క్రీన్ టైమ్ అని తెచ్చింది. గూగుల్ దాంట్లో సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఏ యాప్‌లో ఎన్ని నిమిషాలు గడిచాయో రంగుల ముక్కలతో ఒక చక్రం కనిపిస్తుంది. ఆ రోజు ఫోన్ ఎన్నిసార్లు తెరిచామో దాని కింద ఉంటుంది. ఇన్నేళ్లూ జేబులోనే తిరిగిన ఆ అంకెని అతను మొదటిసారి చూసిన రోజు 6 గంటల 40 నిమిషాలని ఉంది. ఆఫీసు లాప్‌టాప్ దీనికి అదనం.

మర్నాడే పుస్తకం కొన్నాడు.

వీడియోల యాప్‌కి రోజుకి 20 నిమిషాల టైమర్ పెట్టాడు. గడువు దాటితే ఆ బొమ్మ బూడిదరంగులోకి మారిపోతుంది, నొక్కినా తెరుచుకోదు. నోటిఫికేషన్లు చాలావరకు ఆపేశాడు. రాత్రి ఎనిమిది తర్వాత తెర మొత్తం నలుపు తెలుపు. అలారానికి విడిగా గడియారం కొని, ఫోన్‌ని పడగ్గదిలోంచి వంటింట్లోకి మార్చాడు.

కాల్స్ దగ్గర చిక్కొచ్చింది. ఫోన్ చెవికి ఆనిస్తే తెర ఆరిపోతుంది, తెర ఆరితే ఆ నిమిషాలు చక్రంలోకి సరిగా ఎక్కవు. అతనికి అది దొంగలెక్క అనిపించింది. రోజూ రాత్రి కాల్ లిస్టు తీసి, ఎవరితో ఎంతసేపు మాట్లాడిందీ నాలుగో గడిలో వేసుకున్నాడు. దగ్గరవాళ్లందరికీ చెప్పాడు కూడా. పనుంటేనే చెయ్యండి, ప్రతి కాలూ లెక్కలో పడుతుంది అని.

ఆరు గంటలు నాలుగయ్యాయి. నాలుగు రెండున్నరయ్యాయి. నెల తిరిగేసరికి రెండు గంటల లోపుకి వచ్చింది. మెడనొప్పి పోయింది. సగంలో వదిలేసిన పుస్తకాలు పూర్తిచేశాడు. పొద్దున్నే చెరువు గట్టు మీద నడుస్తున్నాడు. చిన్న సంగతి కాదిది. ఆ వయసువాళ్లలో మొదలుపెట్టేవాళ్లు చాలామందే ఉంటారు, నెలంతా నిలబడేవాళ్లు తక్కువ. ముఖంలో కూడా తేట వచ్చింది.

పోయిన వారం పేజీ చూపించాడు. శుక్రవారం ఒక్కటే దెబ్బతింది. ఆఫీసులో సర్వర్ ఏదో పడిపోయి, అర్ధరాత్రి దాకా గ్రూపులోనే ఉండాల్సొచ్చిందట. 4 గంటల 10 నిమిషాలు. పక్కన ‘తప్పింది’ అని రాసుకున్నాడు. ఆదివారం గడిలో సున్నా ఉంది. శనివారం రాత్రే ఫోన్ ఆపేసి బీరువాలో పెట్టి, మళ్లీ సోమవారం పొద్దున తీశాడు. ఆ సున్నా చుట్టూ ఎర్ర సిరాతో గీత చుట్టాడు.

పిన్నిగారు గడప దగ్గర కూర్చుని దూది విడదీసి వత్తులు చేసుకుంటున్నారు. ఆవిడ ఫోన్ కిటికీలో ఉంది. భర్త పోయాక కొడుకే కొనిచ్చాడు. తెలుగులో పెట్టి, వాట్సాప్ వేసి, వాడటం నేర్పి వెళ్లాడు.

“అమ్మా, నీది కూడా చూద్దాం ఉండు” అని తీశాడు.

అరగంటో గంటో ఉంటుందనుకున్నాడు. పోయిన వారం ఏ రోజూ పావుగంట దాటలేదు.

“చూశారా, మన అమ్మే నయం” అని నాతో అని, పుస్తకంలో కొత్త పేజీ తిప్పి పైన ‘అమ్మ’ అని రాశాడు. రోజువారీ అంకెలు ఎక్కించుకుంటూ, మూడో గడి కోసం తెరిచిన సార్లు నొక్కాడు. నొక్కి ఆగిపోయాడు.

సోమవారం వాట్సాప్ 9 నిమిషాలు. తెరిచింది 71 సార్లు.

“ఒక్కోసారికి ఎనిమిది సెకన్లు కూడా లేదండీ” అన్నాడు నాతో. తర్వాత తల్లి వైపు తిరిగాడు. “ఎవరన్నా లింకులు గానీ పంపుతున్నారా అమ్మా? ఓటీపీలు అడుగుతున్నారా?”

“నాకెవరు పంపుతార్రా?”

వాట్సాప్ తీసి చూశాడు. కొత్త నంబర్లు లేవు. ఆవిడ పెట్టిన మెసేజీ ఒక్కటీ లేదు. వీడియోలు వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి, తెరిచి చూడలేదు. అన్నిటికన్నా పైన కొడుకు పేరు పిన్ చేసి ఉంది. అది నేను చేసిపెట్టిందే. వెతుక్కోవడం కష్టంగా ఉంది బాబూ అని ఆవిడ ఒకసారి అడిగారు.

అతను మళ్లీ గ్రాఫ్‌లోకి వెళ్లాడు. శుక్రవారం నిలువుగీత పొట్టిగా ఉంది, 19 సార్లు. శనివారం 52. ఆదివారం గీత తెర పైఅంచు దాకా వెళ్లింది. 118.

నిన్నా ఇవాళా అసలు గీతే లేదు. కొడుకు ఇంట్లో అడుగు పెట్టాక పిన్నిగారు వాట్సాప్ తెరవనేలేదు.

పుస్తకంలో ఎదురెదురు పేజీలు. ఎడమవైపు అతని వారం, కుడివైపు తల్లి వారం. వేలు పెట్టి వరస వెంట చూసుకుంటూ వెళ్లాడు. శుక్రవారం దగ్గర ఆగాడు. ఆదివారం దగ్గర ఇంకాసేపు ఆగాడు.

“అమ్మా, తెరిచి ఏం చూస్తావు?”

పిన్నిగారు చేతికంటిన దూది దులుపుకుని ఫోన్ అందుకున్నారు. కొడుకు పేరు నొక్కి, తెర అతని వైపు తిప్పారు. పేరు కింద, అతను చివరిసారి ఎప్పుడు వచ్చి వెళ్లాడో చిన్న అక్షరాల్లో టైము ఉంది.

“ఇదిగో, ఇక్కడ నీ టైము పడుతుందిగా. పొద్దున్నే ఏడని ఉంటే లేచావనుకుంటా. ఒంటిగంటన్నర అని ఉంటే అన్నం తిన్నావనుకుంటా. రాత్రి పదకొండుంటే ఇంటికొచ్చి పడుకున్నావని. శుక్రవారం ఎప్పుడు చూసినా నువ్వు ఉన్నావు, నాకు బెంగ లేదు. ఆదివారమే, పొద్దున చూసినా శనివారం రాత్రి టైమే, దీపాలు పెట్టే వేళకి చూసినా అదే. కింద పడ్డావేమో, జ్వరమేమో, ఒక్కడివే ఉంటివి. అన్నం కూడా వండుకోలేదు.”

అతను పెన్ను కింద పెట్టాడు.

“ఒక్క ఫోన్ చేసి ఉండాల్సింది కదమ్మా!”

“చేస్తే లెక్కలో పడుతుందన్నావుగా నాన్నా. చూస్తే పడదు కదా.”