మహాగని మహాశయుడు

మిషిగన్‌లో సరస్సులకు కొదవ లేదు. సరస్సు ఉన్నచోట మోటారు పడవలకూ కొదవ లేదు. చాలావరకు ఫైబర్‌గ్లాస్‌వే. తాళంచెవి తిప్పితే కదులుతాయి, కడిగితే మెరుస్తాయి, అమ్మితే పోతాయి. అలాంటి పడవ ఉన్నవాడి గురించి రాయడానికి ఏముంది? నేను చెప్పేది గ్యారేజీలో పాత మహాగని చెక్క పడవ ఉన్నాయన గురించి. ఆయన కార్లు రెండూ మంచులో తడుస్తుంటాయి. పడవ మాత్రం లోపల హీటరు పక్కన వెచ్చగా ఉంటుంది. ఈయన్ని మహాగని మహాశయుడు అందాం.

గుర్తుపట్టడం తేలిక. గోళ్ల సందుల్లో వార్నిష్, కనుబొమల మీద చెక్కపొట్టు. భోజనానికి పిలిస్తే టేబుల్ మీద ఏముందో చూడడు, వంగి టేబుల్ కింద అతుకులెలా వేశారో చూస్తాడు. పప్పు బాగుందా అని అడిగితే "ఇది టేకు కాదు" అంటాడు.

కొన్న కథ ఎవర్నడిగినా ఒకటే. ఏదో పల్లెటూళ్లో గడ్డి కొట్టంలో, టార్పాలిన్ కింద, ఎలుకలు కాపురమున్న పడవ ఒకటి కనిపిస్తుంది. యజమాని "తీసుకుపోతే చాలు బాబూ" అంటాడు. మహాశయుడు పరీక్ష కోసం స్క్రూడ్రైవర్ పెట్టి పొడుస్తాడు. పిడి దాకా దిగిపోతుంది. "కాస్త పుచ్చింది, అంతే!" అని మురిసిపోతాడు. నిజానికి పడవను పుచ్చబెట్టేది కింద ఉన్న నీళ్లకంటే పైనుంచి కారి, లోపల గాలాడక నిలిచిపోయిన వాన నీళ్లు. ఈ సంగతి ఆయన మీకు చెబుతాడు. వాళ్లావిడకు మాత్రం చెప్పడు. ఊరికే వచ్చిందన్న ఒక్కమాటే ఆవిడకు చేరుతుంది. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడం అక్కడ మొదలు.

ఇంటికి రాగానే ఆయన చేసే మొదటి పని మరమ్మతు కాదు, వంశావళి తీయడం. పడవ మీది నంబరు రాసుకుని వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్‌లో ఉన్న మారినర్స్ మ్యూజియానికి పంపిస్తాడు. పడవ కట్టిన క్రిస్-క్రాఫ్ట్ కంపెనీ పాత రికార్డులు అక్కడే ఉన్నాయి. పడవ ఎప్పుడు కట్టారు, ఏ ఇంజను పెట్టారు, ఏ డీలరుకు పంపారు అన్నది కార్డు మీద వస్తుంది. పెళ్లి సర్టిఫికెట్ ఎక్కడుందో తెలియని మనిషి దీనికి ఫ్రేము కట్టించి హాల్లో తగిలిస్తాడు.

ఆ కార్డు కింద నిలబడ్డారో, చరిత్ర వినక తప్పదు. సెయింట్ క్లెయిర్ నది ఒడ్డున ఆల్గొనాక్ అనే ఊరు. అక్కడ క్రిస్టఫర్ కొలంబస్ స్మిత్ అనే ఆయన. ఆ పేరు పెట్టుకుని పుట్టినవాడు పడవలు కట్టకపోతే ఇంకేం చేస్తాడు? ఆయనా కొడుకులూ కలిసి పెట్టిన కంపెనీయే తర్వాత క్రిస్-క్రాఫ్ట్ అయింది. అదే నది మీద 1932లో గార్ వుడ్ అనే పడవ పందేల వీరుడు, నాలుగు ప్యాకర్డ్ ఇంజన్లు బిగించిన 'మిస్ అమెరికా టెన్' అనే పడవలో గంటకు దాదాపు 125 మైళ్ల వేగం అందుకున్నాడు. అప్పటికి ఇంకా పుట్టని మహాశయుడు ఈ సంగతి చెబుతూ తన మొహం మీద పడ్డ తుంపర తుడుచుకుంటాడు. ఇక 1981లో 'ఆన్ గోల్డెన్ పాండ్' సినిమాలో హెన్రీ ఫోండాతోపాటు క్రిస్-క్రాఫ్ట్ పడవ కూడా నటించింది. ఫోండాకు ఆస్కార్ ఇచ్చి పడవకు ఇవ్వకపోవడం మీద ఆయనకు ఇప్పటికీ కినుకే.

పని మొదలవుతుంది. ముందు అడుగు భాగం ఊడదీస్తాడు. పాతకాలపు పడవలకు అడుగున రెండు వరసల పలకలు, మధ్యలో జిగురు పూసిన గుడ్డ. దాన్ని మళ్లీ అలాగే కట్టాలా, లేక 5200 అనే నేటి జిగురుతో అతికించి నీళ్లు రాకుండా చేసేయాలా? ఈ సంగతి మీద మహాశయుల్లో రెండు మతాలున్నాయి. మన శైవ వైష్ణవాలు ఎప్పుడో రాజీపడ్డాయి గానీ వీళ్లు పడలేదు. తర్వాత స్క్రూలు, వేలల్లో. ఒక్కో స్క్రూ తల మీద ఒక చెక్క బిరడా కొట్టాలి. బిరడా మీది చార పలక చారతో కలవాలి. కలవని బిరడా ఒకటి, పడవ కింద పడుకుని చూస్తే తప్ప కనపడనిది, ఆయనకు రాత్రిళ్లు కలలో వస్తుంది.

వార్నిష్ రోజులు వేరు. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ తుమ్మరాదు, తలుపు వేయరాదు, కుక్క ఒళ్లు దులపరాదు. ఒక పూత, ఆరాక గరుకు కాగితంతో రుద్దుడు, ఇంకో పూత. ఇలా పది దాటి పదిహేనుకు పోతుంది. చివరి పూత మీద ఈగ వాలుతుంది. మళ్లీ రుద్దుడు.

ఏళ్ల తర్వాత నీళ్లలోకి దించే రోజు వస్తుంది. చుట్టపక్కాలందరి ఎదుటా పడవ సగానికి మునుగుతుంది. అందరూ కేకలు పెడుతుంటే మహాశయుడు కుర్చీ వేసుకుని కాఫీ తాగుతుంటాడు. ఈయన పాతమతం వాడు మరి. ఎండిన చెక్క నానితే ఉబ్బి సందులు పూడుకుంటాయి. మన ఊళ్లలో వదులైన బండి చక్రాలను చెరువులో నానేసేవాళ్లు చూడండి, అదే సంగతి. రాత్రంతా పడవ పట్టీలకు వేలాడుతుంది, పంపు నీళ్లు తోడుతుంది, ఆయన మేలుకుని ఉంటాడు.

షికారు సంగతి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఇంజను గదిలో పెట్రోలు ఆవిరి నిలవకుండా నాలుగు నిమిషాలు ఫ్యాను తిప్పి, ముక్కుతో వాసన చూసి, అప్పుడు స్టార్టు చేస్తాడు. ఒక చుట్టు తిప్పుతాడు. ఒడ్డుకొచ్చి నీటి మరకలు తుడుస్తాడు. తుడవడమే ఎక్కువసేపు.

ఆగస్టులో హెస్సెల్ అనే చిన్న ఊళ్లో పాత పడవల ప్రదర్శన. అక్కడ అడుగడుగునా మహాశయులే, అందరి చేతుల్లోనూ గుడ్డలే. ఈయన పడవ ముందు '1950' అని బోర్డు. అడుగు కొత్తది, పక్క పలకలు కొత్తవి, ఇంజను మరో పడవది, సీట్లు కిందటేడు కుట్టించినవి. మరి 1950 నాటిది ఏది స్వామీ అంటే, వేలు పెట్టి నంబరు చూపిస్తాడు. నవ్వకండి, పద్ధతి ఉంది. పాత పడవల సంఘం లెక్కలో పైభాగం, పక్కలు కలిపి 60 శాతం అసలు చెక్క మిగిలితే దాన్ని 'కాపాడిన' పడవ అంటారు. అంతకంటే తక్కువైతే 'పునరుద్ధరించిన' పడవ. అడుగు ఆ లెక్కలోకే రాదు. మనుషుల్ని కూడా ఇలాగే లెక్కవేస్తే నాకు చాలా మేలు.

పడవ పూర్తయితే ఆయన మొహం చూడలేం. గ్యారేజీ ఖాళీ, చేతులు ఖాళీ. "ఇక కార్లు లోపల పెట్టుకోవచ్చు కదా" అని వాళ్లావిడ సంబరపడుతుంది. ఆ వారమే ఎక్కడో గడ్డి కొట్టంలో ఇంకోటి ఉందని కబురొస్తుంది. నా దృష్టిలో ఈయన పడవల మనిషి కానే కాదు. నీళ్లంటే ఆయనకు పెద్దగా గిట్టదు, వార్నిష్ పాడవుతుందని.

మీకూ ఎవరైనా చెక్క పడవ ఊరికే ఇస్తామంటే, వద్దనండి. వద్దనలేకపోతే స్క్రూలైనా ఇత్తడివి కాకుండా సిలికాన్ కంచువి కొనండి. ఇత్తడి నీళ్లలో గుల్లబారిపోతుంది.