హిందూపురం బెల్లం బండి: ఒక గూడ్సు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

చీటి లేక బండి చేరదు సైడింగు
గోళి లేక రైలు గుమ్మమందు
కాల మాఱు రెట్లు కదలెడు గదిలోన
హిందుపురము బెల్ల మెపుడు వచ్చు

అవతారిక

బెంగళూరు యలహంకలో ఒక అపార్టుమెంటు. అందులో మూడో బెడ్రూం తలుపు మీద ఈ ఆటవెలది అంటించి ఉంటుంది. కవి పేరు లేదు. లోపల గోడల వెంబడి నడుమెత్తు బల్ల, బల్ల మీద 12 మిల్లీమీటర్ల వెడల్పు పట్టాలు, పట్టాల మీద 1:87 కొలతలో మీటర్ గేజి గూడ్సు బండ్లు. నెలకో ఆదివారం కొందరు పెద్దమనుషులు అక్కడ చేరి, 1965లో ఒకానొక రోజున బెంగళూరు–గుంతకల్లు లైను మీద సరుకు ఎలా నడిచి ఉంటుందో అలాగే నడపాలని చూస్తారు. ఈ తంతును అమెరికా వాళ్లు ఆపరేటింగ్ సెషన్ అంటారు. ఆ ఇంటి ఇల్లాలు అనే మాట వేరే ఉంది. అది టీకకు లొంగదు.

వ్యాఖ్య రాయబోయేవాడు ముందుగా మన మెదకు సీమ కొల్చారం మల్లినాథసూరికి దండం పెట్టుకోవాలి. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య మొదలుపెడుతూ ఆ మహానుభావుడు తనకు తానే రెండు షరతులు విధించుకున్నాడు: ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను. ఈ రెండూ గూడ్సు బండికి అక్షరాలా వర్తిస్తాయి. కాగితం లేని వ్యాగను కదలకూడదు, పని లేని ఇంజను కూత పెట్టకూడదు. మొదటి షరతు మేమూ పాటిస్తాం. రెండోది పాటిస్తే ఈ వ్యాఖ్య ఇక్కడే అయిపోతుంది.

టీక

చీటి = వ్యాగను కార్డు, లేక = లేనియెడల, బండి = గూడ్సు వ్యాగను, సైడింగు = సరుకు ఎక్కించి దించే పక్క పట్టాలను, చేరదు = చేరనేరదు; గోళి = టోకెను, లేక = లేనియెడల, రైలు = ఇంజను మొదలు గార్డు పెట్టె దాకా గల బండ్ల వరుస, గుమ్మమందు = సిగ్నలు కడ, నిలుచును అని అధ్యాహారం; కాలము = గోడ గడియారం, ఆఱు రెట్లు = ఆరింతలుగా, కదలెడు = పరుగెత్తే, గదిలోన = మూడో బెడ్రూంలో, హిందుపురము బెల్లము = స్పష్టము, ఎపుడు వచ్చు = ఈ ముక్క మీద కొట్లాట ఉంది, చివర్లో చూద్దాం.

చీటి. పద్యమంతా దీని మీదే నిలబడింది. ఆ కాలంలో హిందూపురం వర్తకుడు బెల్లం పంపాలంటే గూడ్సు షెడ్డుకు పోయి ఫార్వర్డింగ్ నోటు రాసివ్వాలి. గుమాస్తా తూకం చూసి, ఇన్వాయిసు కట్టి, వర్తకుడి చేతిలో ఆర్.ఆర్. పెడతాడు, అంటే రైల్వే రసీదు. ఆ రసీదును బ్యాంకులో పెట్టి డబ్బు తెచ్చుకున్న వర్తకులు కోకొల్లలు. బెల్లం ఇంకా పట్టాల మీదే ఉంటుంది, దాని మీద అప్పు అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. వ్యాగను తలుపుకు సీలు, పక్కన క్లిప్పులో లేబులు. లేబులు మీద ఏ ఊరి నుంచి, ఏ ఊరికి, లోపల ఏముందో రాసి ఉంటుంది.

యలహంక గదిలో ఇదంతా అరచేతిలో ఇమిడే అట్టముక్కయింది. ప్రతి వ్యాగనుకూ ఒక కార్డు, కార్డుకు జేబు, జేబులో నాలుగు దశలు రాసిన చీటి. మొదటి దశ: ఖాళీగా హిందూపురం గూడ్సు షెడ్డుకు. రెండు: బెల్లంతో బెంగళూరు సిటీకి. మూడు: మిల్లు బట్టల బేళ్లతో గుంతకల్లుకు. నాలుగు: ఖాళీగా అనంతపురానికి, వేరుసెనగ కోసం. ఒక దశ పూర్తయితే చీటి తిప్పి పెడతారు. అంతే, వ్యాగనుకు కొత్త జన్మ. ఈ చీటీల ఆట అమెరికాలో ముదిరిన విద్య. 1940లలో న్యూ ఆర్లీన్స్‌లో ఫ్రాంక్ ఎలిసన్ అనే ఆయన తన డెల్టా లైన్స్‌ను బొమ్మగా చూడక నాటకంగా చూశాడు. పట్టాలు రంగస్థలం, రైళ్లు పాత్రధారులు, టైంటేబులు కథ అన్నాడు. అమెరికా వాళ్లు ఇళ్ల కింద నేలమాళిగల్లో నడుపుకున్న ఆ నాటకం బెంగళూరులో మూడో బెడ్రూం దాకా వచ్చింది. నేలమాళిగలో వర్షం నీళ్లు చేరే మన ఊళ్లో అదే క్షేమం.

గోళి. పిల్లలాడే గోలీ అనుకోరాదు. సింగిల్ లైను మీద రెండు బండ్లు ఎదురుబొదురు రాకుండా కాపాడే నీల్స్ బాల్ టోకెను ఇది. పక్కపక్క స్టేషన్లలో రెండు యంత్రాలు తీగతో ముడిపడి ఉంటాయి. అవతలి మాస్టరు ఒప్పుకుంటేనే ఇవతలి యంత్రం ఒక ఉక్కు గోళాన్ని కక్కుతుంది. ఆ సెక్షనుకు ఒకసారి ఒక గోళం బయటికొస్తే అది తిరిగి యంత్రంలో పడేదాకా రెండోది రాదు. తోలు సంచిలో పెట్టి, వెదురు రింగుకు కట్టి అందిస్తే నడుస్తున్న బండి డ్రైవరు చెయ్యి చాపి అందుకుంటాడు. గదిలో దీని బదులు నిజంగానే గోలీలు వాడతారు, సెక్షనుకో రంగు. కాబట్టి మొదట అనుకోరాదన్న అర్థమే చివరికి అనుకోవలసి వచ్చింది. వ్యాఖ్యానాల్లో ఇది మామూలే.

గుమ్మము. హోం సిగ్నలని ఒకరు, ఔటరని మరొకరు. ఇద్దరిదీ పొరపాటు. టోకెను లేని బండి స్టేషను దాటి బయటికే పోకూడదు గనక స్టార్టరు సిగ్నలు అనడమే యుక్తం.

కాలము ఆఱు రెట్లు. ఇక్కడే ఈ కవి లోతు తెలుస్తుంది. గది గోడ గడియారం మామూలు గంటలో ఆరు గంటలు తిరుగుతుంది. నాలుగు గంటలు కూర్చుంటే ఒక రోజు గడిచినట్టు. దూరం కూడా అలాగే కుదించాలి. బెంగళూరు నుంచి హిందూపురం సుమారు 100 కిలోమీటర్లు. 1:87లో వేసినా అది 1,150 మీటర్లవుతుంది, అంత బెడ్రూం బెంగళూరులో ఎవరికీ లేదు. కనుక పది మీటర్లతో సరిపెట్టారు. దొడ్డబళ్లాపురం, మాకళిదుర్గ ఘాటు, గౌరిబిదనూరు ఉంచి మిగిలిన చిన్న స్టేషన్లు అధ్యాహారం చేసుకోమన్నారు. గుంతకల్లయితే అలమర లోపల ఉంది. తలుపు సందులోంచి బండి వచ్చిందంటే గుంతకల్లు నుంచి వచ్చినట్టు.

ఇప్పుడు లెక్క చూడండి. గంటకు 30 కిలోమీటర్ల వేగాన్ని 1:87కు కుదిస్తే సెకనుకు పది సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఆ వేగంతో పది మీటర్లు రెండు నిమిషాల లోపే అయిపోతాయి. గోడ గడియారం మీద పది నిమిషాలు, వంద కిలోమీటర్లు! అదే హిందూపురంలో ఒక్క వ్యాగనును వరుసలోంచి తీసి షెడ్డు లైనులో పెట్టాలంటే వెదురు పుల్లతో కప్లింగు విడదీయాలి, ఇంజనును ముందుకు తీసి పాయింటు తిప్పాలి, వెనక్కి నెట్టాలి, అంతలో ఏదో ఒక చక్రం పట్టా దిగుతుంది. అయిదు నిమిషాలు, అంటే అరగంట. దూరం కుదించవచ్చు, కాలం కుదించవచ్చు, చేతి వేళ్లను కుదించలేం. అందుకే ఈ లోకంలో వంద కిలోమీటర్ల కన్నా వంద గజాల షంటింగే దూరాభారం. ఇంకొకటి. హెబ్బాళ ఫ్లైఓవరు మీద గంటసేపు ఇరుక్కుపోయిన డ్రైవరు ఈ కాలమానం ప్రకారం ఆరు గంటలు లేటు. అతడు ఎక్కవలసిన గూడ్సు ఆ సరికి గుంతకల్లులో, అంటే అలమరలో, నిద్రపోతూ ఉంటుంది.

హిందుపురము. ఊరు హిందూపురమే. దీర్ఘం ఉంచితే గణం చెడుతుంది కాబట్టి కురచ చేశాడు. “హి”కి “మెపుడు”లోని ఎకారంతో యతి. సరిగ్గానే ఉంది, ఆ జోలికి పోకండి.

బెల్లము. బొగ్గో సిమెంటో అనకుండా బెల్లమే ఎందుకన్నాడు? ఇప్పటి గూడ్సులో నాటకం లేదు గనక. 58 బాక్స్‌ఎన్ వ్యాగన్ల నిండా ఒకే బొగ్గు, ఎక్కిన చోటు ఒకటి, దిగే చోటు ఒకటి. ఒక్క వ్యాగను బెల్లం బుక్ చేసే పద్ధతిని రైల్వే 1980లలో వదిలించుకుంది, పూర్తి రేకుల, అంటే బండి మొత్తానికి ఒకే సరుకు ఎక్కించే దారి పట్టింది. వ్యాపారంగా అది సరే. ఆటగా చూస్తే షంటింగే లేని రైలు. అదే దశాబ్దం మొదట్లో గుంతకల్లు దారి మీటర్ గేజి కూడా బ్రాడ్ అయింది. అంతకుముందు బెంగళూరు మూడు గేజీల ఊరు: 1864లో జోలార్‌పేట వైపు నుంచి వచ్చిన బ్రాడ్, మైసూరు, గుంతకల్లు వైపు మీటరు, యలహంక మీదుగా చిక్కబళ్లాపురం, కోలారు వైపు రెండున్నర అడుగుల నారో. మన బెల్లం మద్రాసు పోవాలంటే బెంగళూరులో కూలీల భుజాల మీద మీటర్ గేజి వ్యాగనులోంచి బ్రాడ్ గేజి వ్యాగనులోకి మారక తప్పదు. గదిలో కూలీలు కదలరు కాబట్టి ఆ కార్డును ట్రాన్‌షిప్‌మెంట్ డబ్బాలో ఎనిమిది గంటలు పడుకోబెడతారు. అంటే 80 నిమిషాలు. కాఫీ, మద్దూరు వడ అప్పుడే. 1965 ఎంచుకోవడానికి ఇంకో కారణం, అప్పుడు లైనంతా ఒక్క దక్షిణ రైల్వే కిందే ఉంది. గుంతకల్లు డివిజను దక్షిణ మధ్య రైల్వేకు మారింది 1977లో. ఒక్క కంట్రోలరుతో సరిపోతుంది. ఆ కంట్రోలరు హాల్లో సోఫా మీద కూర్చుంటాడు, ఇంటి ఫోను ఇంటర్‌కంలో తిడతాడు.

పూర్వపక్షం

ఇంత యాతన ఎందుకు, ఎక్స్‌ప్రెస్ ఒకటి కొనుక్కుని గుండ్రంగా తిప్పుకుంటే పోలేదా అని అడిగేవారున్నారు. ఇంటి పిల్లలు, ఎక్కువగా బావమరుదులు. ప్రదక్షిణ చేసే రైలుకు పుణ్యం రావచ్చు, గమ్యం రాదు. ఎక్కడికి పోతున్నావని దాన్ని అడిగితే జవాబు లేదు. బెల్లం బండికి జవాబు ఉంది, రాతలో ఉంది.

ఎపుడు వచ్చు

“ఎప్పుడు వస్తుంది? రాదు” అని నిరాశావాదులు. “ఎప్పుడైనా వస్తుంది” అని రైల్వే పక్షం. పాఠాన్ని బట్టి రెండూ కుదురుతాయి. అనుభవాన్ని బట్టి చూస్తే, వస్తుంది, రాత్రి పదకొండు దాటాక వస్తుంది, షెడ్డులో దించేవాడు ఉండడు. వ్యాగనును గడువు మించి నిలిపితే డెమరేజి, దించిన సరుకు తీసుకుపోకపోతే వార్ఫేజి. రెండూ ఆ ఇంట్లో వడల రూపంలో వసూలవుతాయి.

విశేషం

కింది అంతస్తులో గుంతకల్లు డివిజనులో పనిచేసి రిటైరైన స్టేషన్ మాస్టరు ఒకాయన ఉన్నాడు. ఒక ఆదివారం పిలవగా వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, చాలాసేపు ఏమీ అనలేదు. హిందూపురం యార్డులో సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు వ్యాగనును షెడ్డు వైపు నెడుతున్నాడు. అప్పుడడిగాడు:

“ఏమప్పా, దాని లేబులేదీ?”

“కార్డు కింద పడిపోయింది సార్. ఫోన్లో ఉంది, చూపిస్తాను.”

“ఫోన్లో ఉంటే నీకు తెలుసు, బండికెట్ల తెలుస్తుంది? లేబుల్లేని బండిని అన్‌కనెక్టెడ్ అంటారు నాయనా. పక్కన పెట్టు దాన్ని.”

కుర్రాడు నవ్వాడు. ఆయన నవ్వలేదు. జేబులోంచి పాత బస్సు టికెట్టు తీసి, చింపి, పెన్సిలుతో “హెచ్.యు.పి. నుంచి ఎస్.బి.సి., బెల్లం” అని, అంటే హిందూపురం నుంచి బెంగళూరు సిటీకని, గీసి, గోరంత ముక్కను వ్యాగను పైకప్పు మీద పెట్టాడు. తర్వాతే పచ్చ గోలీ అందించాడు. అప్పటినుంచీ ఆయనే హిందూపురం మాస్టరు.

తాత్పర్యం

కాగితం లేకుండా వ్యాగను, టోకెను లేకుండా రైలు కదలరాదు. రెండూ ఉన్నా బెల్లం వేళకు రాదు.

చదువరులకు మనవి

ఈ పద్యానికి మూలం తలుపు మీద ఉంది. గదిలో నడిపే ఆ 1965 నాటి రోజుకు మూలం మీ అటక మీద ఉండవచ్చు. గుంతకల్లులో, ధర్మవరంలో, హిందూపురంలో పనిచేసి మల్లేశ్వరం, యశ్వంతపురం, యలహంకల్లో స్థిరపడిన రైల్వే కుటుంబాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. తాతగారి ట్రంకు పెట్టెలో గార్డు జర్నలో, వ్యాగను లేబుళ్లో, ఆనాటి వర్కింగ్ టైంటేబులో ఉంటే పాత పేపర్లవాడికి తూకం వేసేముందు ఒక్కసారి విప్పి చూడండి, ఫొటోలు తీసి ఉంచండి. హిందూపురంలో గూడ్సు ఏ వేళకు బయలుదేరాలో, దేనికి దారి ఇచ్చి లూపులో ఆగాలో ఆ టైంటేబులులోనే ఉంటుంది.