ఆఫ్ చేస్తే పికప్పు వస్తాదంట

మా దువ్వూరులో కొత్త కారు ఇంటికి రాగానే ముందు పూజ. బానెట్టుకు పసుపు కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు, పైన టెంకాయ నీళ్లు. ప్రాణాల పూచీ అంతటితో దేవుడికి అప్పజెప్పేశాం కాబట్టి, అదే పూచీకి కంపెనీవాడు పెట్టిన సామాన్లన్నీ ఒక్కొక్కటే ఆపేసుకుంటూ వస్తాం. సీటు బెల్టు కుయ్యో మొర్రో అంటుందని దాని గాడిలో ఉత్త క్లిప్పు దోపుతాం. ఆ క్లిప్పులు అమ్మకూడదని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఆన్‌లైన్ కంపెనీలకు ఆదేశాలిచ్చింది గానీ, మావాళ్లు అప్పటికే తెప్పించి అటకెక్కించుకున్నారు.

ఇక మిగిలింది స్టీరింగు పక్కన చిన్న బొత్తాం. దాని మీద ఒక కారు, కారు వెనక రెండు వంకర గీతలు. మా చిన్నాయన కళ్లజోడు సవరించుకుని చూసి, “ఇది తాగి తోలేటోళ్లకు పెట్టినట్టుండారే” అన్నాడు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా బామ్మర్ది, కారు యజమాని, నవ్వాడు. “కాదు మామా, ఇది ఆఫ్ చేస్తే పికప్పు వస్తాది.”

ఆ మాటను బొత్తిగా కొట్టిపారేయలేం. చక్రం పట్టు తప్పి ఉత్తగా గిర్రున తిరిగితే, ఇంజను జోరు తగ్గించి, ఆ చక్రానికి బ్రేకు పట్టేది ట్రాక్షన్ కంట్రోల్. కానీ చక్రం జారితేనే దానికి పని. ఎండిన తారు రోడ్డు మీద, ముందు షేర్ ఆటో, వెనక ఆర్టీసీ బస్సు, మధ్యలో ముప్పై వేగంతో పోయేవాడు దాన్ని ఆపితే వచ్చే పికప్పు సున్నా. అయినా ఆపిన తృప్తి వేరు. డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ దీపం వెలుగుతుంది. ఏదో సాధించినట్టే ఉంటుంది.

అదే బొత్తాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా కార్లలో స్టెబిలిటీ కంట్రోల్ కూడా ఆగిపోతుంది. అసలు పెద్దమనిషి అది. 1995లో బాష్, మెర్సిడెస్ కలిసి ఎస్-క్లాస్‌లో ప్రవేశపెట్టాయి. నాలుగు చక్రాల వేగం, స్టీరింగు తిప్పిన కోణం, బండి మళ్లుతున్న తీరు కొలుచుకుంటూ, డ్రైవరు పోదామనుకున్న దిక్కూ బండి పోతున్న దిక్కూ ఒకటేనా అని సెకనుకు 25 సార్లు సరిచూసుకుంటుంది. మా ఇంట్లో ఆ ప్రశ్న ఏడాదికొకసారి కూడా ఎవరూ వేసుకోరు. తేడా వస్తే ఒకే ఒక్క చక్రానికి బ్రేకు పట్టి బండిని దారికి తెస్తుంది. ఎద్దులబండి తోలినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. దాపటెద్దు పగ్గం బిగించి, వలపటెద్దును అదిలిస్తే బండి ఎడమకు మళ్లుతుంది కదా, ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ ఎద్దులు నాలుగు, తోలేవాడు కనపడడు.

1997లో స్వీడన్‌లో ఒక పత్రికవాళ్లు మెర్సిడెస్ ఏ-క్లాస్‌ను పరీక్షకు పెట్టారు. అడవి దారిలో పెద్ద దుప్పి అడ్డమొస్తే చటుక్కున పక్కకు తిప్పి, మళ్లీ చటుక్కున దారిలోకి రావాలి. కొత్త కారు కాస్తా పల్టీ కొట్టింది. కంపెనీ అమ్మకాలు ఆపి, ఆ చిన్న కార్లన్నిటికీ ఈ యంత్రం బిగించి ఇచ్చింది. (సినిమాల్లో మా సీమ సుమోలు గాల్లోకి లేస్తాయి కదా, వాటికి మాత్రం ఇది పనికిరాదు. చక్రం నేల మీద ఉంటేనే దీని ప్రతాపం.)

మా వైపు రోడ్ల మీదికి దుప్పులు రావు. ఎనుములు వస్తాయి. కర్నూలు నుంచి కడప పోయే 40వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. డివైడరు గడ్డి మేస్తున్న ఎనుముకు ఉన్నట్టుండి అవతలి పక్క ఏదో పని గుర్తొస్తుంది. కోతల కాలంలో అదే రోడ్డు అంచున వడ్లు ఆరబోసి, ఎవరూ తొక్కకుండా రాళ్లు పేరుస్తారు. నూరు వేగంతో వచ్చేవాడు ఎనుమును తప్పించబోయి వడ్ల మీదికెక్కితే, ఒక పక్క చక్రాల కింద తారు, ఇంకో పక్క గింజలు. ఆ యంత్రాన్ని పెట్టిందే సరిగ్గా ఆ క్షణానికి. కార్ల భద్రతకు స్టార్లిచ్చే భారత్ ఎన్‌క్యాప్‌లో మూడు స్టార్లు రావాలన్నా అది ఉండి తీరాలి. షోరూములో స్టార్లు లెక్కపెట్టి, లక్షలు పోసి కొని, హైవే ఎక్కగానే ఆపేస్తాం.

పోనీ, ఆపాల్సిన చోటు లేదా అంటే ఉంది. కారుతో ఇచ్చిన పుస్తకంలోనే రాసి ఉంటుంది: బురదలోనో ఇసుకలోనో దిగబడితే ట్రాక్షన్ కంట్రోల్ ఆపుకోవచ్చని. ఆ పుస్తకానికి ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు.

తుపాను వానలు వెలిసిన మరునాడు బామ్మర్ది మమ్మల్ని పసుపు తోట చూపిస్తానని కె.సి. కాలువ గట్టు పక్క దారిలోకి తీసుకుపోయాడు. దారంతా నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలిచ్చే నేల, నాలుగు చినుకులు పడితే చెప్పును కాలి నుంచి ఊడలాక్కుంటుంది. తోట చూసి వెనక్కి తిరిగాం. ముందు చక్రం దిగబడింది. వాడు యాక్సిలేటరు తొక్కుతున్నాడు, ఇంజను మూలుగుతోంది గానీ జోరందుకోదు. హైవే మీద వాడు ఆపిన ట్రాక్షన్ కంట్రోల్, తోట దగ్గర ఇంజను ఆపి మళ్లీ స్టార్ట్ చేయగానే దానంతటదే ఆన్‌లోకి వచ్చేసింది. ఇది వాడికి తెలియదు.

తెలియజెప్పాక ఆపాడు. ఇంజను రంకె వేసింది. చక్రం గిర్రున తిరిగింది. వెనక నిలబడి నెడుతున్న చిన్నాయన తెల్ల చొక్కా మీద రేగడి ముద్దలు టపటపా పడ్డాయి. తారు రోడ్డు టైరు గాడులు జిగట మట్టితో పూడిపోయి నున్నగా అయ్యాయి. ఇక పట్టు ఎక్కడిది! నిదానంగా రెండో గేరులో, చక్రం కింద కంపో రాళ్లో వేసి కదిలించాలి. వాడు తొక్కుతూనే ఉన్నాడు. కారు పొట్ట నేలకు ఆనింది.

“తొక్కాకు సామీ, తొక్కేకొద్దీ పాతాళానికి పోతాది” అంటూ ట్రాక్టరు డ్రైవరొకాయన దిగాడు. ఆయన కుడికాలి కింద రెండు బ్రేకులు, ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి. మడిలో మళ్లేటప్పుడు దేనికది తొక్కుతాడు. రోడ్డెక్కితే రెంటినీ కొక్కెంతో కలుపుతాడు, లేకుంటే ట్రాక్టరు పల్టీ. రెండు వెనక చక్రాలూ ఒక్కటిగా తిరిగేట్టు చేసే డిఫరెన్షియల్ లాకు వేరే. బొత్తాం సంగతంతా విని ఆయన, “ఇంతేనా” అన్నాడు. మోకు కట్టి, లాకు వేసి, సన్నగా లాగితే కారు బయటికొచ్చింది.

“ఎంత ఇమ్మంటావన్నా?” అన్నాడు బామ్మర్ది.

“కారుకు ఐదొందలు సామీ. ట్రాక్టరయితే ఊరికే.”

“అదేం లెక్క?”

“ట్రాక్టరోడు రేపు నన్ను లాగల్ల గదా. నువ్వు లాగుతావా?”