సోషలిజం లోకలా, నాన్‌లోకలా?

అమెరికా ప్రభుత్వానికి 43 రోజులు తాళం పడింది. ఆ దేశ చరిత్రలో అప్పటిదాకా అన్ని రోజులు ఎప్పుడూ పడలేదు. జీతాల్లేక ఉద్యోగులు అల్లాడారు. దాదాపు 4 కోట్ల 20 లక్షల మందికి నెలనెలా అందే ఆహార సాయం నవంబరు వచ్చేసరికి ఆగి, సాగి, కోర్టుల చుట్టూ తిరిగింది. 2025 నవంబరు 12 రాత్రి ఎలాగో తాళం తీశారు. తీసిన తొమ్మిదో రోజున ప్రతినిధుల సభ చాలా అత్యవసరమైన పని ఒకటి చేపట్టింది. సోషలిజం ఘోరాలను ఖండిస్తూ తీర్మానం చేసింది. అవునన్నవాళ్లు 285 మంది, కాదన్నవాళ్లు 98 మంది. అవునన్నవాళ్లలో 86 మంది డెమోక్రాట్లు. ఎందుకైనా మంచిదని.

అదే రోజు మధ్యాహ్నం, నేను డెమోక్రటిక్ సోషలిస్టునేనని బల్లగుద్ది చెప్పి న్యూయార్క్ మేయరుగా గెలిచిన జొహ్రాన్ మమ్దానీ వైట్‌హౌస్‌కి వెళ్లాడు. నెలల తరబడి అతన్ని కమ్యూనిస్టని తిట్టిపోసిన ట్రంప్, పక్కన నిలబెట్టుకుని మురిసిపోయాడు. ఈయన్ని మీరు ఫాసిస్టు అన్నారు కదా, ఇప్పటికీ అదే మాటా అని విలేకరి అడిగితే మమ్దానీ నీళ్లు నమిలాడు. అవునని చెప్పేయవయ్యా, విడమరిచి చెప్పడం కంటే అదే తేలిక అన్న ధోరణిలో ట్రంపే అభయమిచ్చాడు. సభలో దయ్యం, శ్వేతసౌధంలో చుట్టం. ఒకే మనిషి, ఒకే రోజు.

సోషలిజం ఆ గడ్డకు చెందిందా, బయటి సరుకా అన్నది అక్కడ నూరేళ్లకు పైగా తెగని పంచాయితీ. ఇలాంటివి తేల్చడంలో మన తెలుగువాళ్లకు సాటి ఎవరు? కాలేజీ సీటు దగ్గర ఒక పిల్లవాడు లోకలా, నాన్‌లోకలా అని చెప్పడానికి రాష్ట్రపతి ఉత్తర్వులు, స్టడీ సర్టిఫికెట్లు, తహసీల్దారు సంతకాలు, సుప్రీంకోర్టు దాకా వ్యాజ్యాలు. ఇంత సరంజామా ఇంకెక్కడుంది? కాబట్టి ఈ దరఖాస్తు విచారణకు నన్ను నేనే నియమించుకున్నాను. దరఖాస్తుదారు: డెమోక్రటిక్ సోషలిజం. వచ్చిన అభ్యంతరం: యూరప్ నుంచి ఓడెక్కి దిగింది. ఓడెక్కి దిగని కుటుంబాలు ఆ సభలో ఎన్ని ఉన్నాయని అడగబోయి, విచారణాధికారికి అలాంటి వెటకారం తగదని ఊరుకున్నాను.

ముందు బడి రికార్డు చూద్దాం. అమెరికాలో పిల్లలు పొద్దున్నే గుండె మీద చెయ్యి పెట్టుకుని జెండాకు విధేయత ప్రకటిస్తారు. డాలస్ శివార్లలో మన తెలుగు పిల్లలూ ప్రకటిస్తారు, తల్లిదండ్రులు వీడియో తీసి ఇండియాలో తాతగారికి పంపుతారు. ఆ ప్రతిజ్ఞ 1892లో రాసిన ఫ్రాన్సిస్ బెల్లమీ బాప్టిస్టు పాస్టరు, పైగా క్రైస్తవ సోషలిస్టు. 1954లో, ఆయన పోయిన చాలా ఏళ్లకు, కమ్యూనిస్టుల మీద కోపంతో కాంగ్రెస్ అందులోకి దేవుణ్ణి కూడా ఎక్కించింది. మిగతాదంతా దాదాపు ఆ సోషలిస్టు మాటే. ప్రతినిధుల సభ కూడా రోజూ ఆ ప్రతిజ్ఞ చదివే పని మొదలుపెడుతుంది. అంటే ఒక సోషలిస్టు రాసిచ్చిన మాటలు వల్లించి, కూర్చుని, సోషలిజాన్ని ఖండిస్తారన్నమాట.

హెలెన్ కెల్లర్ పాఠం చదవని పిల్లలు ఉండరు. గుడ్డి, చెవిటి పిల్ల చేతి మీద టీచరు నీళ్లు పోసి అక్షరాలు రాస్తుంది, పిల్లకు లోకం తెలుస్తుంది. పాఠం అక్కడ ఆపేస్తారు. ఆ పిల్ల పెద్దదై 1909లో సోషలిస్టు పార్టీలో చేరిందన్న సంగతి పరీక్షకు రాదు. ఐన్‌స్టీన్ 1949లో సోషలిజం ఎందుకు కావాలో వ్యాసమే రాశాడు. ఆయనదేమో నాలుక బయటపెట్టిన ఫొటో చాలు మనకు.

ఇక అసలు సాక్షి యూజీన్ డెబ్స్. ఇండియానా రాష్ట్రం టెర్రె హాట్‌లో 1855లో పుట్టాడు. కుర్రతనంలో రైలింజన్లో బొగ్గు వేసే పని చేశాడు. 1894లో పుల్మన్ సమ్మె నడిపితే ప్రభుత్వం సైన్యాన్ని దింపి, ఆయన్ని జైల్లో పెట్టింది. జైల్లో పుస్తకాలు చదివి సోషలిస్టయ్యాడు. ఐదుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. 1912లో దాదాపు 9 లక్షల ఓట్లు, నూటికి ఆరు. 1918లో ఒహాయో రాష్ట్రం కాంటన్‌లో యుద్ధానికి వ్యతిరేకంగా ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఒక్క ఉపన్యాసం. పదేళ్ల జైలు. వాక్‌స్వాతంత్ర్యానికి పుట్టినిల్లు లాంటి ఆ దేశపు సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా సరేనంది. 1920లో అట్లాంటా జైలు నుంచే, 9653 నంబరు ఖైదీగా పోటీ చేస్తే మళ్లీ 9 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. ప్రచారానికి తిరగలేదు, చెయ్యి ఊపలేదు, ఎవరి పిల్లనీ ఎత్తుకుని ముద్దాడలేదు. మన దగ్గర జైలు నుంచి గెలిచే నాయకులు మనకే ప్రత్యేకమని గర్వపడేవాళ్లు ఈ వాక్యం దగ్గర కాస్త ఆగాలి.

స్థానికతకు ఇంతకంటే రుజువేం కావాలి? జైలు రికార్డు కన్నా నమ్మకమైన నివాస ధ్రువీకరణ ఉంటుందా?

జైలు కుదరనప్పుడు ఇంకో సంప్రదాయం ఉంది. గెలిచినవాణ్ణి లోపలికి రానివ్వకపోవడం. మిల్వాకీ నుంచి గెలిచిన సోషలిస్టు విక్టర్ బెర్గర్‌ను ప్రతినిధుల సభ గుమ్మంలోనే ఆపింది. మళ్లీ ఎన్నిక పెట్టారు. మిల్వాకీ మళ్లీ ఆయన్నే పంపింది. సభ మళ్లీ తిప్పి పంపింది. 1920లో న్యూయార్క్ రాష్ట్ర శాసనసభ, సక్రమంగా గెలిచిన ఐదుగురు సోషలిస్టులను ఒకేసారి బయటికి గెంటింది. సరిగ్గా నూరేళ్లకు, 2020లో, క్వీన్స్‌లోని అస్టోరియా జనం అదే శాసనసభకు మమ్దానీని ఎన్నుకున్నారు. ఈసారి ఎవరూ గెంటలేదు. ఇంతవాడవుతాడని అప్పుడెవరికీ తోచలేదు మరి.

మిల్వాకీలో సోషలిస్టులు ఏం వెలగబెట్టారని అడుగుతారు. 1910లో ఎమిల్ సైడెల్ మేయరయ్యాడు. 1916 నుంచి 1940 దాకా డేనియల్ హోన్, ఆ తర్వాత 1948 నుంచి 1960 దాకా ఫ్రాంక్ జైడ్లర్. నలభై ఏళ్ల దాకా వస్తుంది లెక్క. మురుగు కాలువలు, మంచినీళ్లు, పార్కులు, ప్రజారోగ్యం. విప్లవం మాటెత్తకుండా ఎంతసేపూ డ్రైనేజీ గొడవేనా అని సొంత పార్టీవాళ్లే వాళ్లకు మురుగుకాలువ సోషలిస్టులని పేరు పెట్టి నవ్వారు. తిట్టుగా పుట్టిన ఆ పేరును మిల్వాకీ వాళ్లు బిరుదుగా మెడలో వేసుకున్నారు. ఒక్క వానకే నడుంలోతు నీళ్లలో మునిగే మహానగరాల్లో ఉండే మనం ఈ విషయంలో నవ్వకపోవడమే మర్యాద.

ఇప్పుడు ప్రతివాది ఇల్లు కూడా సోదా చేద్దాం. నార్త్ డకోటా 1964 తర్వాత అధ్యక్ష ఎన్నికల్లో డెమోక్రాట్ ముఖం చూడని రాష్ట్రం. అక్కడ 1919 నుంచి ప్రభుత్వ బ్యాంకు నడుస్తోంది, ప్రభుత్వ పిండిమిల్లూ నడుస్తోంది. నెబ్రాస్కాలో ఇంటింటికీ కరెంటు పంచే పని మొత్తం ప్రజల సంస్థలదీ, సహకార సంఘాలదీ. ప్రైవేటు వాడికి చోటు లేదు. అలాస్కాలో చమురు డబ్బుతో 1976లో నిధి పెట్టి, 1982 నుంచి ఏటా ప్రతి నివాసికీ చెక్కు ఇస్తున్నారు. దాని వెనక నిలబడిన గవర్నరు జే హామండ్ రిపబ్లికన్. ఏ పనీ చెయ్యకుండానే వస్తుందా అంటే, ఔను, ఊపిరి పీలిస్తే చాలు, అలాస్కాలో పీల్చాలి అంతే.

నాకు అన్నిటికన్నా ముద్దొచ్చేది న్యూ హాంప్‌షైర్. ఆ రాష్ట్రంలో కారు నంబరు ప్లేటు మీదే రాసి ఉంటుంది, స్వేచ్ఛగా బతుకు, లేదా చావు అని. ఆ ప్లేటు తగిలించుకున్న కారు హైవే మీద వెళ్తుంటే పక్కనే పెద్ద పార్కింగుతో ప్రభుత్వ మద్యం దుకాణం. సీసా అమ్మేది రాష్ట్రం, లాభం రాష్ట్రానిది. ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లపాటు ప్రభుత్వమే మందు అమ్మినప్పుడు జనం బ్రాండ్ల పేర్లు చదివి బెంబేలెత్తారు. న్యూ హాంప్‌షైర్‌లో ఆ బాధ లేదు, పక్క రాష్ట్రాల వాళ్లు కూడా వచ్చి డిక్కీలు నింపుకుపోతారు. స్వేచ్ఛకూ ప్రభుత్వ సారాకూ పొత్తు ఇంత చక్కగా ఇంకెక్కడా కుదరలేదు.

ఈ దస్తావేజులన్నీ ముందేసుకుంటే తగువు ఎక్కడుందో కనబడుతుంది. ఏమిస్తున్నారన్న దాని మీద అమెరికాలో పెద్దగా పేచీ లేదు. ఎవరికిస్తున్నారన్న దాని మీదే. 1862లో లింకన్ సంతకంతో హోమ్‌స్టెడ్ చట్టం వచ్చింది. అడిగిన కుటుంబానికి 160 ఎకరాలు దాదాపు ఉచితం. మొత్తం మీద 27 కోట్ల ఎకరాలు పంచారు. ఆ నేల అప్పటిదాకా ఎవరిదో ఆదివాసీ తెగలను అడిగితే చెబుతారు. దాన్ని ఎవరూ సోషలిజం అనరు, సాహసం అంటారు, దాని మీద సినిమాలు తీస్తారు. 1935లో సోషల్ సెక్యూరిటీ పింఛను తెచ్చినప్పుడు పొలం కూలీలను, ఇళ్లలో పనిచేసేవాళ్లను పక్కన పెట్టారు. దక్షిణాది నల్లజాతి కార్మికుల్లో ఎక్కువమంది చేసే పనులు అవే. 2008లో బ్యాంకులు మునిగితే బుష్ 70 వేల కోట్ల డాలర్ల పథకానికి సంతకం పెట్టాడు. ఆ మరుసటేడు జనరల్ మోటార్స్‌లో దాదాపు 60 శాతం వాటా ప్రభుత్వానిదే. 2025 ఆగస్టులో ఇంటెల్‌లో పదో వంతు ట్రంప్ ప్రభుత్వం చేతికొచ్చింది. వాల్‌స్ట్రీట్‌కి ఇస్తే రక్షణ, రైతుకి ఇస్తే వారసత్వం, చిప్పుల కంపెనీకి ఇస్తే దేశభక్తి. ఒంటరి తల్లి పసిబిడ్డను చూసుకునే కేంద్రం అడిగితే మాత్రం మాస్కో.

అద్దెలు స్తంభింపజేస్తానని మమ్దానీ అంటే టీవీల్లో గుండెలు బాదుకున్నారు. 1971 ఆగస్టులో దేశం మొత్తం మీద జీతాలు, ధరలు, అద్దెలు 90 రోజులు కదలకుండా బిగించినవాడు రిచర్డ్ నిక్సన్. కమ్యూనిస్టులను వేటాడి పైకొచ్చిన నిక్సనే. మెడికేర్ వస్తే అమెరికాలో స్వేచ్ఛ చచ్చిపోతుందని 1961లో గ్రామఫోన్ రికార్డు మీద హెచ్చరించిన రొనాల్డ్ రీగన్, అధ్యక్షుడయ్యాక ఎనిమిదేళ్లున్నా మెడికేర్‌ను ముట్టుకుని తీసేసే ధైర్యం చెయ్యలేదు. సోషల్ సెక్యూరిటీ నిధి అడుగంటుతుంటే 1983లో దాన్ని నిలబెట్టే చట్టం మీద సంతకమూ ఆయనదే. గురివింద గింజ కనీసం తన నలుపు ఎరగదు. వీళ్లు ఎరిగే మాట్లాడతారు.

మనవాళ్ల సంగతి కూడా చెప్పకపోతే పక్షపాతమవుతుంది. సర్కారు ఖర్చుతో నడిచే కాలేజీలో నామమాత్రపు ఫీజుకు ఇంజనీరింగ్ చదివి, అట్లాంటాలోనో ఎడిసన్‌లోనో స్థిరపడి, పన్నులతో నడిచే మంచి బడి ఉందని చూసుకుని మరీ ఇల్లు కొని, ఉచితాలు దేశాన్ని నాశనం చేస్తాయని రోజుకు నాలుగు వాట్సాప్ సందేశాలు పంపే బావగార్లు నాకు బాగా తెలుసు. అమ్మానాన్నల గ్రీన్‌కార్డుకు ఐదేళ్లు నిండే తేదీ వాళ్ల క్యాలెండర్లో ఎర్రసిరాతో ఉంటుంది. మెడికేర్‌కి అప్పుడే కదా అర్హత.

ఇంతకీ దరఖాస్తుదారు మాత్రం పులుకడిగిన ముత్యమా? కాదు. మంటలార్పే ఫైరింజనునూ, లైబ్రరీనీ, తారురోడ్డునూ చూపించి ఇదంతా సోషలిజమేనని లెక్క రాసుకునే అలవాటు వాళ్లకుంది. ఆ లెక్కన అశోకుడు నాటించిన చెట్లు కూడా సోషలిస్టువే. డెమోక్రటిక్ సోషలిస్టు సెనేటరు బెర్నీ సాండర్స్ మాటిమాటికీ డెన్మార్క్ అనేసరికి, 2015లో డెన్మార్క్ ప్రధానే అమెరికా వచ్చి, బాబూ మాది మార్కెట్ ఆర్థిక వ్యవస్థే, మమ్మల్ని ఇందులోకి లాగొద్దని చెప్పుకోవాల్సి వచ్చింది. పైన చెప్పిన బెర్గర్‌కు నల్లజాతి వాళ్ల మీద ఉన్న అభిప్రాయాలు చదివితే తల దించుకోవాలి. ఇక మమ్దానీ విప్లవం సంగతి. బస్సు చార్జీ ఎత్తేయాలంటే రవాణా సంస్థ ఎమ్‌టీఏ ఒప్పుకోవాలి, అది రాష్ట్రం చేతిలో ఉంది. కోటీశ్వరుల మీద ఆదాయపు పన్ను వెయ్యాలంటే రాష్ట్ర రాజధాని ఆల్బనీ వెళ్లి శాసనసభనూ గవర్నరునూ బతిమాలాలి. లెనిన్ గనుక ఇలా ఫైలు పట్టుకుని తిరగాల్సి వస్తే రష్యా చరిత్ర వేరేగా ఉండేది.

మమ్దానీ వాగ్దానాల్లో పెద్దమనుషులకు నిద్ర లేకుండా చేసింది ప్రభుత్వ కిరాణా కొట్లు. న్యూయార్క్ నగరంలో బరోలనే ఐదు భాగాల్లో బరోకొకటి చొప్పున పెడతానన్నాడు. ఎనభై లక్షలకు పైగా జనం ఉన్న ఊళ్లో ఐదు కొట్లు. వెంటనే సోవియట్ కాలపు ఖాళీ అరల ఫొటోలు బయటికొచ్చాయి. గ్రిస్టీడీస్ సూపర్ మార్కెట్ల యజమాని, కుబేరుడు జాన్ కట్సిమటీడిస్, మా కొట్లు మూసే ఆలోచన చెయ్యాల్సి వస్తుందన్నాడు.

బ్రూక్లిన్ నైరుతి కొసన, వెరజానో వంతెన పక్కన ఫోర్ట్ హామిల్టన్ అని సైనిక స్థావరం ఉంది. లోపల కమిసరీ అనే కిరాణా కొట్టు ఉంది. సరుకు కొనేది ప్రభుత్వం, అమ్మేది ప్రభుత్వం. గేటు దగ్గర కార్డు చూపిస్తే లోపల పాలు, గుడ్లు, మాంసం, బ్రెడ్డు దాదాపు కొన్న ధరకే ఇస్తారు, మీద 5 శాతం సర్‌చార్జి వేస్తారు. సేల్స్ టాక్స్ లేదు. ఇలాంటివి ప్రపంచమంతా రెండు వందలకు పైగా ఉన్నాయి. వాటిని నడపడానికి ఖజానా నుంచి ఏటా బిలియన్ డాలర్లకు పైగా పోతుంది. ప్రైవేటుకు ఇచ్చేద్దామని మాట వచ్చినప్పుడల్లా కాంగ్రెస్‌లో అడ్డం పడేవాళ్లలో రెండు పార్టీల వాళ్లూ ఉంటారు. సైనికుడి ఇంటికి పాలు చవగ్గా ఇవ్వడం తప్పని ఎవరూ అనరు, నేనూ అనను. ఆ గేటు ముందు నుంచి రోజూ సిటీ బస్సు నడుపుకుపోయే డ్రైవరు అదే గ్యాలను పాలు అదే ధరకు అడిగితే మాత్రం, సాయంత్రం చర్చలో తెర మీదకు వెనెజ్వెలా మ్యాపు వస్తుంది.